వీధి మలుపులో చిన్న చైనీస్ హోటల్: లోపల కూర్చుంటే ఏం తెప్పించుకోవాలి?

సందుచివర
అందరికీ నమస్తే. మా వీధి మలుపులో ఒక చిన్న చైనీస్ హోటల్ ఉంది. మొత్తం ఆరు బల్లలు, ఒక ఎర్ర కాగితం లాంతరు, గల్లా మీద ఆగకుండా చెయ్యి ఊపే బంగారు పిల్లి. ధరలు తక్కువే. రెండేళ్లుగా వెళ్తున్నాను కానీ ఎప్పుడూ ఎగ్ ఫ్రైడ్ రైస్, లేదంటే నూడుల్స్, అదీ పార్సిలే. ఇంటికొచ్చి డబ్బా తెరిస్తే నూడుల్స్ డబ్బా ఆకారంలోనే ముద్దగా బయటికొస్తాయి.

ఈ శనివారం నలుగురం వెళ్లి అక్కడే కూర్చుని తిందామనుకుంటున్నాం. మాలో ఇద్దరు శాకాహారులు. మెనూ చూస్తే నాలుగు పేజీలు, నూట నలభై దాకా ఉన్నాయి. నేను చదువుతూ ఉంటే వెనక నిలబడ్డవాళ్లు దగ్గడం మొదలుపెడతారు, ఆ టెన్షన్‌లో మళ్లీ ఫ్రైడ్ రైస్ అనేస్తాను. ఏం తెప్పించుకోవాలి? ఇంత తక్కువకి ఇస్తున్నారంటే సరుకు మంచిదేనా?

పుల్లకూర
మొదట ఆ పార్సిల్ అలవాటు మానండి. మిగతాదంతా తర్వాత.

లెక్కలమాస్టారు
నూట నలభై చూసి జడుసుకోకండి. అది వంటల జాబితా కాదు, ఎక్కాల పట్టిక. చికెన్, రొయ్యలు, చేప, గుడ్డు, టోఫు (సోయా పన్నీరు), కూరగాయలు: ఆరు. వెల్లుల్లి, అల్లం-ఉల్లికాడ, పులుపు-తీపి, బ్లాక్ బీన్ (పులియబెట్టిన నల్ల సోయా గింజలు), సిచువాన్ కారం, మిరియాలు, ఆయిస్టర్ సాస్: ఏడు. ఆరేళ్లు నలభై రెండు. అవే ఆరూ ఫ్రైడ్ రైస్‌లోకి, నూడుల్స్‌లోకి, సూప్‌లోకి వెళ్తే ఇంకో పద్దెనిమిది. అక్కడికే అరవై అయింది. వంటగదిలో ఉన్నది మాత్రం ఆరు గిన్నెల ముక్కలు, ఏడు డబ్బాల సాస్. పెద్ద మెనూ ఉంటే సరుకు పాతదేమో అని చాలామంది అనుకుంటారు. ఈ వంట విషయంలో ఆ భయం అక్కర్లేదు.

సందుచివర
మాస్టారూ, ఈ లెక్క ముందే తెలిస్తే రెండేళ్లు మిగిలేవి.

మండే_పెనం
నేను మూడేళ్లు ఒక చైనీస్ వంటగదిలో పనిచేశాను. మొదటి ఏడాదిన్నర తరగడమే, తర్వాత పొయ్యి దగ్గరికి రానిచ్చారు. కాబట్టి కొంచెం పొడుగ్గా చెప్తాను, ఓపిక పట్టండి.

చవక ఎందుకు అంటే, ఈ వంట పుట్టుకే పొదుపులో ఉంది. మాంసం తక్కువ, కూరగాయ ఎక్కువ. అన్నీ ఒకే సైజులో సన్నగా తరిగితే రెండు మూడు నిమిషాల్లో ఉడుకుతాయి, మంట ఖర్చు తక్కువ. పని మొత్తం కత్తిపీట దగ్గరే అయిపోతుంది, పొయ్యి దగ్గర జరిగేది చివరి అంకం. ముదురు మాంసాన్ని కూడా అడ్డంగా, అంటే నారకి అడ్డం వచ్చేలా కోసి, గుడ్డు తెల్లసొన, కార్న్‌ఫ్లోర్ పట్టించి, మరీ కాగని నూనెలో ఒకసారి ముంచి తీస్తారు. మరీ గట్టిదైతే చిటికెడు వంటసోడా. ఆ ముక్క జారుడుగా, మెత్తగా ఉండడానికి కారణం అదే. ఖరీదైన ముక్క కాబట్టి కాదు.

ఇక మంట. వోక్ అంటే మన మూకుడు లాంటిదే, కానీ కింద మంట ఇంటి పొయ్యి కన్నా ఎన్నో రెట్లు పెద్దది, ఫ్యాన్‌తో ఊదుతుంది. పక్కవాడు ఏమన్నా వినపడదు. కొళాయి పొయ్యి మీదే ఉంటుంది, వంటకి వంటకి మధ్య వెదురు బ్రష్‌తో ఒక్క గీకు, నీళ్లు పారబోయడం, మళ్లీ నూనె. వోక్ పొగలు కక్కుతున్నప్పుడు ముక్కలు ఎగరేస్తే నూనె తుంపరకి మంట అంటుకుంటుంది. పళ్లెంలో వచ్చే ఆ చిరు పొగవాసనని దక్షిణ చైనా భాష కాంటనీస్‌లో వోక్ హే అంటారు, ‘వోక్ ఊపిరి’ అనుకోండి. అది పళ్లెంలోకి దిగాక కొద్ది నిమిషాలే ఉంటుంది. పార్సిల్ డబ్బాలో మూత పెట్టగానే ఆవిరి పట్టి చచ్చిపోతుంది. పుల్లకూర గారు చెప్పింది అందుకే.

అసలు చిట్కా ఇది: రద్దీకి ముందు వెళ్లండి. వోక్‌లో ఒకటి రెండు పళ్లేల సరుకు వేస్తేనే వేపుడవుతుంది. ఐదు బల్లలవాళ్లు ఒకేసారి నూడుల్స్ అడిగితే వంటవాడు నాలుగు పళ్లేలు కలిపి వేస్తాడు, వోక్ చల్లారి, నీరు ఊరి, అది ఉడుకుడు అవుతుంది. నేనూ వేశాను, ఒప్పుకుంటున్నాను. అదే వంటవాడు, అదే సాస్, గంట తేడాలో వేరే తిండి.

తోకచుక్క
వోక్ ఎగరేయడం మీద నిజంగానే పరిశోధన జరిగింది. అమెరికాలోని జార్జియా టెక్ యూనివర్సిటీలో హుంగ్‌టాంగ్ కో, డేవిడ్ హు అనే ఇద్దరు ఫ్రైడ్ రైస్ వంటవాళ్లని వీడియో తీసి లెక్కగట్టి 2020లో పేపరు వేశారు. సగటున సెకనుకి 2.7 సార్లు ఎగరేస్తున్నారట. వోక్ అంచుని పొయ్యి గట్టు మీద ఆనించి ముందుకీ వెనక్కీ తోస్తూ, అదే సమయంలో తూగుడుబల్లలా వంచుతారు. మెతుకు గాల్లోకి లేచి కాస్త చల్లారి మళ్లీ పడుతుంది కాబట్టి అంత మంటలోనూ మాడదు. ఈ పరిశోధన మొదలుపెట్టడానికి ఒక కారణం వంటవాళ్ల భుజం నొప్పులు.

మండే_పెనం
2.7 సంగతి తెలియదు కానీ భుజం సంగతి తెలుసు. నేను మానేసింది దానివల్లే. ఇప్పటికీ ఎడమ చేత్తో అటక మీది డబ్బా దించలేను.

అనుమానాలపక్షి
అందరూ ఇంత మెచ్చుకుంటున్నారు, టేస్టింగ్ సాల్ట్ (అజినమోటో) గురించి ఒక్కరూ మాట్లాడరేం? నేను చైనీస్ తిన్న రోజు రాత్రి తలనొప్పి గ్యారంటీ. దాహం వేరే. ఆ తెల్లపొడి రసాయనం లేకుండా వాళ్లకి వంట రాదు.

తోకచుక్క
పక్షి గారూ, కోప్పడకుండా వినండి. 1908లో జపాన్‌లో కికునాయె ఇకెడా అనే ప్రొఫెసర్, కొంబు అనే సముద్రపు నాచుతో కాచిన రసానికి ఆ రుచి ఎక్కడిదా అని వెతికితే దొరికింది గ్లుటమేట్. దానికి ఉమామి అని పేరు పెట్టాడు. అదే గ్లుటమేట్ పండిన టమాటాలో, పుట్టగొడుగులో, ముదిరిన చీజ్‌లో, సోయా సాస్‌లో సహజంగానే ఉంటుంది. టేస్టింగ్ సాల్ట్ అంటే ఆ గ్లుటమేట్‌తో చేసిన ఉప్పే. ఇప్పుడు వచ్చే పొడిని ఎక్కువగా చెరకు, దుంపలు, గంజి లాంటివాటిని పులియబెట్టి చేస్తారు.

తలనొప్పి కథ 1968లో మొదలైంది. రాబర్ట్ హో మాన్ క్వాక్ అనే డాక్టరు అమెరికాలో ఒక వైద్య పత్రికకి ఉత్తరం రాశాడు, చైనీస్ హోటల్లో తిన్నాక మెడ వెనక మొద్దుబారుతోంది, కారణం ఏమిటా అని. ఆయన సోయా సాస్ కావచ్చు, వంటలో పోసే వైన్ కావచ్చు, టేస్టింగ్ సాల్ట్ కావచ్చు, ఉప్పు కావచ్చు అని అన్నీ రాశాడు. జనం పట్టుకున్నది ఒక్కదాన్నే. ఆ ఉత్తరానికి పెట్టిన శీర్షికతో ‘చైనీస్ రెస్టారెంట్ సిండ్రోమ్’ అని ఏకంగా ఒక జబ్బు పేరు పుట్టింది. తర్వాత, తింటున్నదేమిటో చెప్పకుండా చేసిన పరీక్షల్లో అది నిలకడగా రుజువు కాలేదు.

అనుమానాలపక్షి
అంటే నా తలనొప్పి అబద్ధమా?

తోకచుక్క
ఎంత మాట! నొప్పి నిజమే, దొంగ ఎవరన్నదే ప్రశ్న. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ చెప్పేదేమిటంటే, టేస్టింగ్ సాల్ట్ ఖాళీ కడుపున 3 గ్రాములో అంతకన్నా ఎక్కువో తింటే కొందరికి కాసేపు తలనొప్పి లాంటివి రావచ్చు, మామూలుగా ఒక వంటకంలో ఉండేది అర గ్రాము లోపే అని. ఉప్పు మాత్రం దండిగా ఉంటుంది. దాహం దానివల్లే. మీరు ఆ రోజు ఏమేం తింటారు?

అనుమానాలపక్షి
హాట్ అండ్ సోర్ సూప్, ఫ్రైడ్ రైస్, దాని మీదకి గ్రేవీ. ఇంకేం తింటారు ఎవరైనా?

పుల్లకూర
దొంగ దొరికాడు. మూడూ ఉప్పే.

మండే_పెనం
పుల్లకూర గారిది వెటకారమే అయినా మాట నిజం. గ్రేవీ వంటకాలన్నీ ఉత్త తెల్లన్నంతో తినడానికి చేసినవి. అందుకే వాటిలో ఉప్పు, సాస్ ఒక మెట్టు ఎక్కువ వేస్తాం. వాటిని మళ్లీ ఉప్పు, నూనె వేసి వేయించిన అన్నం మీద పోసుకుంటే రెండింతలవుతుంది. గ్రేవీ తెప్పించుకుంటే పక్కన తెల్లన్నం చెప్పండి. ఫ్రైడ్ రైస్ తెప్పించుకుంటే అది ఒక్కటే తినండి, లేదా పక్కన ఆకుకూర వేపుడు. టేస్టింగ్ సాల్ట్ వద్దంటే వెయ్యరు, అడిగితే తప్పేం లేదు. కాకపోతే సోయా సాస్‌లో సహజంగా ఉన్నదాన్ని తీసేయడం ఎవరి వల్లా కాదు.

రాత్రిడ్యూటీ
ల్యాబ్‌లో పనిచేసేదాన్ని కాబట్టి టేస్టింగ్ సాల్ట్ కన్నా నన్ను భయపెట్టేది వేరే ఉంది: అన్నం. ఫ్రైడ్ రైస్‌కి ముందే వండి చల్లార్చిన అన్నం కావాలి, పైతడి ఆరితేనే మెతుకు విడివిడిగా వేగుతుంది. అక్కడిదాకా బాగానే ఉంది. కానీ బియ్యంలో బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా బీజాలు ఉండొచ్చు, అవి వండినా చావవు. వండిన అన్నాన్ని గంటల తరబడి బయట వదిలేస్తే అవి మొలకెత్తి విషం తయారుచేస్తాయి. వాంతులు తెప్పించే ఆ విషం మళ్లీ వేయించినా పోదు. అన్నం త్వరగా చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టే చోట ఏ గొడవా ఉండదు. కౌంటర్ పక్కన పెద్ద గిన్నెలో గోరువెచ్చటి అన్నం అలా తెరిచి కనిపిస్తే మాత్రం నేను నూడుల్స్ చెప్తాను.

ఇదే నియమం మీ ఇంటికి కూడా. రాత్రి మిగిలిన పార్సిల్‌ని వంటింటి గట్టు మీదే వదిలేసి, పొద్దున వేడి చేసుకుని తినేవాళ్లు ఈ చర్చలోనే ఉంటారు, నాకు తెలుసు.

లెక్కలమాస్టారు
నేను చెయ్యి ఎత్తడం లేదు.

పుల్లకూర
హోటల్ మంచిదో కాదో తెలుసుకోవడానికి నా పద్ధతి ఒకటే, హాట్ అండ్ సోర్ సూప్. అందులో కారం తెల్ల మిరియాల పొడిది, పులుపు వెనిగర్‌ది. రెండూ సూప్ దించబోయే ముందు పడాలి, ఎక్కువసేపు కాగితే వెనిగర్ ఘాటు ఎగిరిపోతుంది. గిన్నె దగ్గరికి ముక్కు తీసుకెళ్లగానే వెనిగర్ తగిలితే అప్పుడే కాచారని అర్థం. ఎర్రగా, చిల్లీ సాస్ వాసనేస్తూ, గరిటె నిలబడేంత చిక్కగా ఉంటే పొద్దున్నించీ కాగుతున్న గంజి.

తోకచుక్క
నా పద్ధతి ఎగ్ ఫ్రైడ్ రైస్. అది గోధుమరంగులో ఉండాలని రూలేం లేదు. మంచి చేతిలో పడితే తెల్లగా, గుడ్డు పసుపు రేకులతో, ఉల్లికాడ పచ్చగా వస్తుంది. ముదురు రంగు డార్క్ సోయా సాస్‌ది, అది వేసేది ఎక్కువగా రంగు కోసం. ఉప్పు కోసం లైట్ సోయా. మొత్తం నల్లగా చేసి తెచ్చారంటే ఏదో దాస్తున్నారేమో అని నాకు అనుమానం. (పక్షి గారి అలవాటు నాకూ అంటుకుంది.)

అలాగే, గల్లా మీద చెయ్యి ఊపే ఆ పిల్లి చైనాది కాదండోయ్. జపాన్ బొమ్మ. బిల్లుతో పాటు కొన్ని చోట్ల ఇచ్చే జోస్యం బిస్కట్ (ఫార్చ్యూన్ కుకీ) కూడా చైనాది కాదు, దాని మూలమూ జపానే. జనరల్ త్సోస్ చికెన్ అని కొన్ని మెనూల్లో ఉంటుంది. త్సో అంటే 1885లో పోయిన చైనా సేనాని జ్వో జోంగ్‌టాంగ్. ఆ వంటకం కనిపెట్టింది పెంగ్ చాంగ్-క్వే అనే వంటవాడు, అదీ 1950ల్లో తైవాన్‌లో. సేనాని దాని రుచి చూసే అవకాశమే లేదు.

అనుమానాలపక్షి
అయితే చైనీస్ హోటల్లో చైనాది ఏమైనా ఉందా?!

తోకచుక్క
మాపో టోఫు ఉంది. చైనాలో సిచువాన్ రాష్ట్రపు చెంగ్డు నగరంలో, పంతొమ్మిదో శతాబ్దంలో ఒక పూటకూళ్లావిడ చేసేది. మొహం మీద మశూచి మచ్చలున్న ముసలమ్మ అని అర్థం వచ్చే పేరు ఆమెది, అదే వంటకానికీ మిగిలింది. దానిలో మిరపకాయతో పాటు సిచువాన్ మిరియం పడాలి. మిరపకాయ అమెరికా ఖండాల నుంచి ఓడల మీద వచ్చిన చుట్టం, ఈ మిరియం అక్కడి సొంతది. కారంగా ఉండదు, పెదవుల మీద సన్నగా కరెంటు పారినట్టు జివ్వుమంటుంది. ఆ జివ్వు లేకపోతే అది వట్టి ఎర్ర టోఫు కూర.

సందుచివర
అయ్యా, శాకాహారుల సంగతి కూడా చూడండి. మాపో టోఫు చెప్పెయ్యమంటారా?

మండే_పెనం
ఆగండాగండి! మాపో టోఫులో సాధారణంగా మాంసం ఖీమా పడుతుంది. టోఫు అని రాసి ఉంటే శాకాహారం అని కాదు. చైనీస్ మెనూలో టోఫు మాంసానికి బదులు కాదు, మాంసానికి జోడీ.

ఇంకా మూడు చోట్ల చూసుకోవాలి. ఒకటి ఆయిస్టర్ సాస్, పేరులోనే ఉంది, అది ముత్యపుచిప్పల జాతి జీవి రసం. వెల్లుల్లి ఆకుకూర వేపుడు మీద కూడా ఒక చుక్క పోసేస్తారు. పుట్టగొడుగులతో చేసిన శాకాహార రకం కూడా దొరుకుతుంది, ఆ హోటల్లో ఉందేమో అడగండి. రెండు, వెజ్ సూప్ అని రాసినా లోపలి నీళ్లు చికెన్ స్టాక్, అంటే కోడి ఎముకలు కాచిన నీళ్లు కావచ్చు. మూడు, అదే వోక్, అదే నూనె. కడుగుతారు, కానీ విడిగా వోక్ పెట్టరు. దీనికి పట్టింపు ఉన్నవాళ్లు ముందే తెలుసుకుంటే మంచిది.

అడిగేటప్పుడు ‘వెజ్ కదా?’ అంటే చాలా చోట్ల అలవాటుగా తల ఊపేస్తారు. ‘ఇందులో ఆయిస్టర్ సాస్ వేస్తారా? ఏ స్టాక్ పోస్తారు?’ అని పేరు పెట్టి అడిగితే వంటగదిలోకి వెళ్లి కనుక్కుని వస్తారు.

పెద్దక్క
ఆలస్యంగా వచ్చాను. నలుగురు వెళ్తున్నారు కాబట్టి ఒక్కొక్కరు ఒక్కో పళ్లెం చెప్పుకుని ఎవరిది వాళ్లు తినకండి బాబూ. ఆ తిండి మధ్యలో పెట్టుకుని పంచుకోవడానికే. మీకు నాలుగు వంటకాలు, ఒక సూప్, అందరికీ తెల్లన్నం చాలు. నాలుగూ నాలుగు తీర్లుగా ఉండాలి: ఒకటి ఆవిరి మీద ఉడికింది, ఒకటి కరకరలాడేది, ఒకటి గ్రేవీ, ఒకటి పచ్చగా ఆకుకూర. నాలుగూ పులుపు-తీపి ఎరుపే అయితే మూడో ముద్దకి మొహం మొత్తుతుంది.

టీ కూజా ఇస్తే, ఖాళీ అయ్యాక మూత కొంచెం పక్కకి జరిపి పెట్టండి. కాంటనీస్ వాళ్ల చోట అది ‘నీళ్లు పోయండి’ అన్న సైగ, పిలవక్కర్లేదు. చాప్‌స్టిక్స్‌ని అన్నంలో నిలువుగా మాత్రం గుచ్చకండి, పోయినవాళ్లకి వెలిగించే అగరుబత్తుల్లా ఉంటుందని వాళ్లకి అశుభం. రాకపోతే స్పూన్ అడగండి, ఎవరూ ఏమీ అనుకోరు. నేను ఇప్పటికీ స్పూనే.

పుల్లకూర
పక్క బల్లవాళ్లు ఏం తింటున్నారో కూడా చూడండి. గోడ మీద చేత్తో రాసి అంటించిన కాగితం ఉంటే ముందు అది అడగండి. అచ్చు మెనూ ఎప్పుడో వేయించింది, చేతిరాత ఆ వారానిది.

సందుచివర
శనివారం వెళ్లొచ్చాం. మాట ప్రకారం రిపోర్టు.

జనం రాకముందే ఏడింటికి దిగాం. రెండే బల్లలు నిండి ఉన్నాయి. వంటగది కిటికీ పక్కన కూర్చున్నాం. గోడ మీద నిజంగానే చేతిరాత కాగితం ఉంది, రెండేళ్లుగా దాని కిందే నిలబడి ఫ్రైడ్ రైస్ చెప్పానన్నమాట! అందులో అల్లం, ఉల్లికాడ వేసి ఆవిరి మీద ఉడికించిన చేప ఉంది, అది చెప్పాం. కరకరకి మిరియాల టోఫు, వెల్లుల్లితో ఆకుకూర, గ్రేవీకి బ్లాక్ బీన్ వంకాయ, తెల్లన్నం. ఆయిస్టర్ సాస్ అని పేరు పెట్టి అడిగితే హోటల్ ఆవిడ ఒక్క క్షణం ఆగి, ‘ఆకుకూరలో వేస్తాం, మీకు ఉప్పూ వెల్లుల్లితో చేయిస్తాను’ అంది. సూప్ స్టాక్ అడిగితే చికెన్ అని ఒప్పుకుంది, సూప్ మాంసం తినే మేమిద్దరమే తాగాం. గిన్నె మీదకి వంగగానే ముక్కులో వెనిగర్ తగిలింది, పుల్లకూర గారూ.

ఆకుకూర వచ్చేసరికి కాడలు ఇంకా చిటపటమంటున్నాయి. ఆ పొగవాసన ఏమిటో మొదటిసారి తెలిసింది. చివర్లో ఆగలేక ఒక ఎగ్ ఫ్రైడ్ రైస్ కూడా చెప్పాను, పాత స్నేహం కదా. తెల్లగా, పసుపు రేకులతో వచ్చింది. పార్సిల్‌లో ఎప్పుడూ గోధుమరంగే ఎందుకని అడిగితే, ‘మీరు ఎప్పుడూ రద్దీలో వస్తారు కదా’ అని నవ్వేసింది. అది జవాబో కాదో నాకు తెలియలేదు.

మండే_పెనం గారూ, కిటికీలోంచి వంటాయన్ని చూస్తూ ఉన్నాను. సెకనుకి 2.7 లెక్కపెట్టడం నా వల్ల కాలేదు. రెండు ఆర్డర్ల మధ్య ఆయన వోక్ దించి, ఎడమ భుజాన్ని కుడిచేత్తో పట్టుకుని రెండుసార్లు గుండ్రంగా తిప్పి మళ్లీ పట్టుకున్నాడు.

మండే_పెనం
నాకూ అదే అలవాటు ఉండేది. ఎనిమిదిన్నర తర్వాత చూసుంటే నాలుగైదుసార్లు తిప్పేవాడు.

అనుమానాలపక్షి
నేను కూడా ఆదివారం వెళ్లాను, వేరే హోటల్. గ్రేవీ, తెల్లన్నం మాత్రమే, సూప్ లేదు. టేస్టింగ్ సాల్ట్ వద్దని చెప్పలేదు. తలనొప్పి రాలేదు. ఒక్కసారికే ఒప్పుకోను, ఇంకో రెండు ఆదివారాలు చూసి చెప్తాను.

పెద్దక్క
సందుచివరా, టీ మూత పక్కకి పెట్టావా?

సందుచివర
పెట్టాను అక్కా. ఎవరూ రాలేదు. పది నిమిషాలాగి పిలిస్తే ఆవిడ వచ్చి ముందు ‘అయ్యో, మూత పడిపోతుంది’ అని సరిగ్గా పెట్టి, తర్వాత నీళ్లు తెచ్చింది.